వీసా క్యాన్సిల్ అయింది, కొత్త పని ఇంకా దొరకలె. దుబాయిల ఈ రెండు నెలలు ఎట్ల గడపాలె?

దేవరకొండ_దారి
ప్రాజెక్టు అయిపోయింది, కంపెనీ వీసా క్యాన్సిల్ చేసింది. క్యాంపు ఖాళీ చేసి పాత దుబాయి దిక్కు దేరాల బెడ్‌స్పేస్, అంటే రూంల ఒక్క మంచం జాగ, కిరాయికి తీస్కున్న. పొద్దున రెండు గంటలు ఫోన్ల అప్లికేషన్లు పెట్టుడు, ఆ తర్వాత రోజంత ఖాళీ. రూంల కూసుంటే పిచ్చి లేస్తది, బయట అడుగు పెడితే ఖర్చు. ఇన్నేండ్లు ఉన్నా సైటు, బస్సు, క్యాంపు తప్ప ఏం చూడలె. తక్కువ పైసలల్ల రోజు ఎట్ల ఎల్లదియ్యాలె, తిండి ఎట్ల, ఏడేడ తిరగొచ్చు, తెల్సినోళ్లు చెప్పుర్రి. ఉద్యోగం సలహాలు వేరే చోట మస్తున్నయి, ఇక్కడ వద్దు. "ఇంటికొచ్చెయ్" అనేటోళ్లు కారణం గుడ రాయాలె.

పాలమూరు_పైపింగ్
తిరుగుడు తర్వాత తమ్మీ, ముందుగాల తారీఖు చూస్కో. క్యాన్సిలేషన్ కాగితం మీద ఎప్పటిలోగ దేశం ఇడవాల్నో రాసి ఉంటది. మామూలుగ 60 రోజులు, వీసా రకాన్ని బట్టి కొందరికి తక్కువ, కొందరికి ఎక్కువ. లెక్క ఆఖరి డ్యూటీ రోజు నుంచి కాదు, క్యాన్సిల్ అయిన రోజు నుంచి. చానామంది ఇక్కడనే తప్పు లెక్క పెడతరు. దాటితే రోజుకు 50 దిర్హాంలు ఫైన్. దుబాయి వీసా అయితే ఇక్కడి ఇమిగ్రేషన్ ఆఫీసు జీడీఆర్‌ఎఫ్‌ఏ సైట్ల, మిగతా ఎమిరేట్లది అయితే వాటి వీసాలు చూసే ఐసీపీ సైట్ల ఫైల్ నంబరు కొట్టి చూస్కో. ఎమిరేట్స్ ఐడీ అప్పజెప్పినవ్ కాబట్టి పాస్‌పోర్ట్ ఫొటో, ఆ కాగితం ఫొటో ఫోన్ల పెట్టుకునే బయటికి పో.

హాలియా_హీరో
అప్లికేషన్లకు రెండు గంటలేనా? మా ఊర్ల సర్పంచ్ టికెట్ అడిగేటోళ్లు ఇంతకన్న ఎక్కువ తిరుగుతరు.

దేవరకొండ_దారి
సర్పంచ్ టికెట్ ఇప్పిస్తా అంటే రేపే ఫ్లైట్ ఎక్కుత.

కోదాడ_క్వాంటిటీ
ఖర్చు తగ్గించుకునుడు సరే, వచ్చే పైసలు ఇడవకు. రెండు ఉన్నయి.

మొదటిది సెటిల్‌మెంట్. కాంట్రాక్టు ముగిసిన 14 రోజులల్ల మొత్తం లెక్క ఇయ్యాలె అని చట్టం. ఏడాది నిండినంక గ్రాట్యుటీ వస్తది: మొదటి ఐదేండ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ పైన ఏడాదికి 30 రోజులది. బేసిక్ 1200 అనుకో, రోజుకు 40. నాలుగేండ్లు చేస్తే 40 × 21 × 4 = 3360. లెక్క బేసిక్ మీదనే, అలవెన్సులు కలవయి. "అన్నీ ముట్టినయి" అన్న కాగితం మీద పైసలు చేతికి రాకముందే సంతకం పెడితే, తర్వాత లేబర్ మినిస్ట్రీల కొట్లాడుడు కష్టం.

రెండోది నెలకు 5 దిర్హాంలు కట్టే ఇన్సూరెన్స్, ఐలో, పని పోతే పైసలిచ్చేది. 12 నెలలు వరుసగ కట్టి ఉండాలె, రాజీనామా కాకుండ కంపెనీయే తీసేసి ఉండాలె, క్రమశిక్షణ కింద తీసేసిన కేసు కావద్దు. ఆఖరి ఆరు నెలల సగటు బేసిక్‌ల 60 శాతం, మూడు నెలల దాంక ఇస్తరు. బేసిక్ 1200 అయితే నెలకు 720. పని పోయిన 30 రోజులల్ల అప్లై చెయ్యాలె, 31వ రోజు పెడితే తీస్కోరు. దేశం ఇడిస్తే ఆగిపోతది, కొత్త పనిల చేరినా ఆగిపోతది.

సూర్యాపేట_స్కఫోల్డ్
అది ఫైన్ తప్పించుకునేటందుకు కట్టేది కాదా? 400 ఫైన్ అంటే అందరు కట్టిన్రు, పైసలొస్తయని ఎవ్వలు చెప్పలె.

కోదాడ_క్వాంటిటీ
కట్టించేటప్పుడు ఫైన్ గురించే చెప్తరు, క్లెయిం గురించి ఎవ్వలు చెప్పరు. టర్మినేషన్ లెటర్ల "రిజైన్డ్" అని ఉంటే క్లెయిం పోయినట్టే. క్యాన్సిలేషన్ టైముల మనతోని రాజీనామా కాగితం రాయించుకునే కంపెనీలు ఉన్నయి. చదివి సంతకం పెట్టాలె, చదువురాకుంటే ఫొటో తీసి తెల్సినోళ్లకు పంపియ్యాలె.

దేవరకొండ_దారి
నా లెటర్ల "ప్రాజెక్టు కంప్లీషన్" అని ఉంది. 30 రోజులు గుడ కాలె. ఇయ్యాలనే పెడత. అన్నా, గిదొక్కటే చాలు.

గద్వాల_గేట్‌పాస్
నన్నడిగితే ఇంటికి పో. కారణం రాయమన్నవ్ గదా, లెక్కనే రాస్త. బెడ్ 700 అనుకో, తిండి 400, బస్సు, మెట్రోకు వాడే నోల్ కార్డు 150, ఫోన్ 50. నెలకు 1300, రెండు నెలలకు 2600. దిర్హాం 24 రూపాయలు వేస్కున్నా 62 వేలు దాటుతది. గా పైసలతోని ఊర్ల ఆరు నెలలు తింటవ్.

నకిరేకల్_నడక
గేట్‌పాస్ అన్నా, లెక్క సగమే రాసినవ్. పోయేటందుకు టికెట్టు, మల్ల వచ్చేటందుకు ఏజెంటు, మెడికల్, ఇమిగ్రేషన్. ఇక్కడ ఉంటే కొత్త కంపెనీ దేశం లోపలనే వీసా మారుస్తది, ఇంటర్వ్యూకు మనిషి ఎదురుంగ ఉంటడు. పైగ ఐలో వస్తుంటే ఇడిసి పోవుడేంది?

గద్వాల_గేట్‌పాస్
ఐలో వచ్చేటోళ్ల మాట వేరు, ఒప్పుకుంట. రానోళ్లకు నా లెక్కనే కరెక్టు. రెండో నెల ఖర్చుకు అప్పు చేయాల్సి వస్తే ఆ రోజే టికెట్టు తియ్యాలె. 58వ రోజు తీస్తే రేటు వాడు చెప్పిందే.

నల్లగొండ_రిటర్న్
పోయేటోళ్లకు ఒక మాట. పదో తరగతి పాస్ కాకుంటే పాస్‌పోర్ట్ ఈసీఆర్ అయి ఉంటది, అంటే పనికి పోయేటందుకు ఇమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలె. మల్ల గల్ఫ్ పోయేటప్పుడు విజిట్ వీసా మీద కాదు, భారత ప్రభుత్వ సైట్ ఈ-మైగ్రేట్ల వచ్చే ఆ క్లియరెన్స్ తోనే పోవాలె. దాంతోపాటు వచ్చే ప్రవాసీ భారతీయ బీమా యోజన 10 లక్షల పాలసీ, రెండేండ్లకు ప్రీమియం 275. విజిట్ మీద పంపే ఏజెంటు ఇది ఎత్తడు గుడ ఎత్తడు. హైదరాబాద్‌ల బయటి దేశాలకు పనికి పంపే ప్రభుత్వ కంపెనీ టామ్‌కామ్ ఉంది, అక్కడ పేరు రాయించుకో. ఊర్ల ఏజెంటు కంటే అదే నయం.

హాలియా_హీరో
జడ్చర్లల బస్సు దిగంగనే "ఎప్పుడొచ్చినవ్" అంటరు, మల్ల రెండో మాట "ఎప్పుడు పోతవ్". ఆ రెండింటికీ జవాబు తయారు చేస్కునే ఫ్లైట్ ఎక్కాలె.

వనపర్తి_వంటిల్లు
తిండి సంగతి నేను చెప్త. బెడ్‌స్పేస్‌ల ముందుగాల కరెంటు చూస్కోవాలె. చౌక ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద 2000 వాట్ల హాట్‌ప్లేట్ పెడితే దాదాపు 9 ఆంపియర్లు లాగుతది. లోపల వైరు సన్నగ ఉంటది, ముందుగాల ప్లగ్గు పసుపు రంగుకు తిరుగుతది, తర్వాత కరుగుతది. అడ్డం పలకలతోని పంచిన పార్టిషన్ రూంల నిప్పు పడితే బయటికి వచ్చే దారి ఒక్కటే. అందుకే రూంల హాట్‌ప్లేట్ వద్దే వద్దు. 350, 400 వాట్ల చిన్న రైస్ కుక్కరు చాలు, అది గుడ ఓనర్ ఒప్పుకుంటేనే.

కుక్కర్ల ఒక గ్లాసు బియ్యం, పావు గ్లాసు పెసరపప్పు, పసుపు, రెండు పచ్చిమిరపకాయలు, మూడున్నర గ్లాసుల నీళ్లు. కందిపప్పు వేస్తే గంట నానబెట్టాలె, లేకుంటే అన్నం మెత్తబడ్డా పప్పు బద్దలుగనే ఉంటది. చింతపండు, టమాట ముందే వెయ్యొద్దు, పులుపు తగిలితే పప్పు ఉడకదు. స్విచ్చు ఎగిరినంక కలుపుకో. పక్కకు పచ్చిపులుసు చేస్కో, పొయ్యే అక్కరలేదు. నిమ్మకాయంత చింతపండు నానబెట్టి పిసికి, ఉల్లిగడ్డ సన్నగ కోసి, జీలకర్ర, ఉప్పు, ఎండుమిరపకాయ. మిరపకాయ కాల్చుడు ఒక్కటే వంటింట్ల చేస్కోవాలె, అర నిమిషం పని.

దేవరకొండ_దారి
అక్కా, వంటిల్లు ఉంది గనీ పన్నెండు మందికి ఒకటే గ్యాస్ పొయ్యి. పొద్దున్నే పోతే తిట్లు తినుడే.

వనపర్తి_వంటిల్లు
నువ్వు ఖాళీగ ఉన్నోనివి, పొద్దున్నే ఎందుకు పోతవ్? డ్యూటీకి పోయేటోళ్లందరు ఏడింటికల్ల ఎల్లిపోతరు. పదింటికి పో, పొయ్యి నీదే. ఒక్కసారి వండితే రెండు పూటలు ఎల్లుతది.

ఆ టైముల తపాల చెక్క చేస్కో, రాత్రి దాంక తినొచ్చు, డబ్బాల పెట్టుకోని బయటికి పట్టుకపోవచ్చు. కొలత: రెండు గ్లాసుల బియ్యప్పిండి, గంట నానిన శెనగపప్పు సగం పిడికెడు, పల్లీలు కచ్చాపచ్చా దంచి ఒక పిడికెడు, రెండు చెంచాల నువ్వులు, ఒక ఉల్లిగడ్డ, కరివేపాకు, కారం, ఉప్పు. చల్లటి నీళ్లతో చపాతి పిండి కంటే కొంచెం మెత్తగ తడుపు. గిన్నె అడుగుకు నూనె రాసి, పిండి పల్చగ ఒత్తి, వేలుతో ఐదారు బొక్కలు పెట్టి, బొక్క బొక్కకు రెండు చుక్కల నూనె. మూత పెట్టి సన్నటి మంట మీద పది పన్నెండు నిమిషాలు. అంచులు గిన్నెను ఇడిసి లోపలికి ముడుచుకుంటే అయిపోయినట్టు.

ఎక్కడ చెడుతది అంటే రెండు చోట్ల. ఒకటి, రెండో చెక్క ఒత్తేటప్పుడు గిన్నె ఇంకా వేడి ఉంటది, చెయ్యి కాలుతది, పిండి అడుగుకు పట్టుకోక జారుతది. గిన్నెను బోర్లించి నల్ల కింద పట్టి, తుడిచి, మల్ల నూనె రాసి ఒత్తాలె. రెండోది, ఇక్కడ షాపులల్ల బియ్యప్పిండి అని మలయాళీల పుట్టు పొడి చేతుల పెడతరు. అది వేయించిన బరక పిండి, ఒత్తంగనే పగుళ్లిస్తది. ప్యాకెట్ వేళ్లతోని నలిపి చూడు, రవ్వ తగిలితే పక్కన పెట్టెయ్.

అచ్చంపేట_ఆల్‌రౌండర్
జొన్న రొట్టె మాట రాలె. పాలమూరోళ్ల పరువు తీసినవ్ అక్కా.

వనపర్తి_వంటిల్లు
రొట్టె ఎవ్వలన్న చేస్తరు, పిండి దొరకాలె గదా. కరామ, బర్ దుబాయి షాపులల్ల ప్యాకెట్ దొరుకుతది గనీ, పట్టించి నెలలు దాటిన పిండి తట్టుతుంటే అంచులు పగులుతయి. ప్యాకింగ్ తారీఖు చూసి కిలోదే కొను, ఐదు కిలోలది చవక అని తేవద్దు. నీళ్లు తెర్లుతుంటేనే పిండి పొయ్యాలె, గోరువెచ్చటి నీళ్లతోని జిగురు రాదు. బట్టతోని నీళ్లు పూసి తిప్పెయ్యాలె, తడి ఆరినంక పూస్తే పొంగదు.

మిర్యాలగూడ_మిల్లు
చేపలు తినాలంటే దేరాల వాటర్‌ఫ్రంట్ మార్కెట్ ఉంది. మత్తి, కానగంత చవక. మనకు అలవాటైన బొచ్చె, రవ్వ సూపర్‌మార్కెట్ల గడ్డకట్టి దొరుకుతయి. కరిగినంక మల్ల ఫ్రీజర్ల పెట్టి గడ్డకట్టియ్యకు, అందుకే చిన్న ప్యాకెట్ తీస్కో.

నకిరేకల్_నడక
ఇగ తిరుగుడు. దేరాల ఉన్నవంటే అదృష్టమే, దుబాయిల నడిచి చూడదగ్గదంత నీ చుట్టే ఉంది.

ఎండలున్నన్ని రోజులు నడక పొద్దున ఏడు లోపల, లేకుంటే సాయంత్రం ఆరు దాటినంక. దేర సూక్‌లల్ల (పాత బజార్లు) నుంచి నడిచి క్రీక్ (సముద్రపు పాయ) ఒడ్డుకు రా. అబ్రా పడవ ఎక్కితే ఒక్క దిర్హాం, చిల్లర చేతుల ఉంచుకో. అవతల బర్ దుబాయి. దిగి ఎడమకు పోతే పాత టెక్స్‌టైల్ సూక్, ఇంకా ముందుకు అల్ ఫహీది. గాలి పట్టే బుర్జులున్న పాత ఇండ్లు, సందులు, లోపలికి పోయేటందుకు టికెట్టు లేదు. అక్కడి నుంచి నీళ్ల ఒడ్డు పట్టుకోని అల్ సీఫ్ దాంక పోవచ్చు. ఒక్క సాయంత్రం మొత్తం ఎల్లిపోతది, ఖర్చు రాను పోను రెండు దిర్హాంలు. నీళ్ల బాటిల్ రూం నుంచే నింపుకపో, అల్ సీఫ్‌ల చాయ్ తాగినవంటే లెక్క తప్పుతది.

మధ్యాహ్నం పూట ఏసీ కావాలంటే మాల్ కన్నా లైబ్రరీ మేలు. అల్ జద్దాఫ్‌ల మొహమ్మద్ బిన్ రాషిద్ లైబ్రరీ, 2022ల తెరిచిన్రు. కురాన్ పెట్టి చదువుకునే చెక్క స్టాండు ఆకారంల ఉంటది బిల్డింగు. గ్రీన్ లైన్‌ల క్రీక్ స్టేషన్ దిగాలె. ప్రవేశం ఫ్రీ, సైట్ల ముందే బుక్ చేస్కోవాలె. టైములు వారాన్ని బట్టి మారుతయి, చూస్కోని పో. కుర్చీ, ఏసీ, నెట్ అన్నీ ఉంటయి, ఆ రెండు గంటల అప్లికేషన్లు అక్కడ కూసోని పెట్టు. రూంల బంకు మంచం మీద వంగి పెడితే మెడ పట్టేస్తది.

పార్కులల్ల జబీల్, మమ్‌జార్ 5 దిర్హాంలు, ముష్రిఫ్‌కు 3. నోల్ కార్డే గేటు దగ్గర చూపియ్యొచ్చు. మమ్‌జార్ పార్కు లోపలికి పోకుండ బయట కార్నిష్ (సముద్రం ఒడ్డు దారి) మీద కూసుంటే అది గుడ లేదు.

భువనగిరి_సిస్టర్
మమ్‌జార్‌కు పోయేముందు రోజు చూసుకోండి, లేడీస్ డే ఉంటుంది, ఆ రోజు మగవాళ్లను లోపలికి రానివ్వరు. మెట్రోలో కూడా గులాబీ గీత దాటి ఆడవాళ్ల పెట్టెలోకి పోతే 100 దిర్హాంలు ఫైన్. ఖాళీగా ఉంది కదా అని నిలబడతారు, అక్కడే దొరుకుతారు. మెట్రోలో తినడం, తాగడం కూడా 100.

ఆరోగ్యం సంగతి ఎవరూ రాయలేదు. వీసా రద్దయితే కంపెనీ ఇన్సూరెన్స్ కూడా పోతుంది. ఎప్పుడు ఆగుతుందో హెచ్‌ఆర్‌ను అడిగి, బీపీ, షుగర్ మందులు వాడేవాళ్లు ఆలోపే డాక్టర్‌కు చూపించుకుని తీసుకోవాలి. ఊరి నుంచి వచ్చేవాళ్లతో తెప్పించుకుంటే చీటీ కూడా రావాలి. నొప్పుల మాత్రల్లో ట్రమడాల్, దగ్గు మందుల్లో కోడీన్ ఉన్నవి ఇక్కడ నియంత్రణలో ఉన్నాయి, అనుమతి లేకుండా తెస్తే ఎయిర్‌పోర్టులోనే కేసు. ఊళ్లో మెడికల్ షాపువాడు అడగ్గానే ఇచ్చినంత మాత్రాన ఇక్కడ చెల్లదు.

దేవరకొండ_దారి
నోల్ కార్డుల ఎంత వేస్తే మంచిది? మొన్న గేటు తెరుచుకోలె, కార్డుల 6 ఉండె.

నకిరేకల్_నడక
7.5 కంటే తక్కువ ఉంటే గేటు తెరుచుకోదు, ఎందుకంటే అది పెద్ద జర్నీ ఛార్జీ. సిల్వర్ కార్డుకు ఒక్క జోన్ల తిరిగితే 3, పక్క జోన్ దాంక 5, ఆ పైన 7.5. మెట్రో దిగి 30 నిమిషాలల్ల బస్సు ఎక్కితే అదే జర్నీ కింద లెక్క, కొత్తగ కోత పడదు. మధ్యల చాయ్‌కు ఆగితే పడతది. కౌంటర్ల వేయించుకుంటే కనీసం 50 అంటరు, మెషీన్ల తక్కువ గుడ వేస్కోవచ్చు. రోడ్డు గుడ జాగ్రత్త, జీబ్రా లేని చోట దాటితే 400. ఆ 400 పెడితే నెల తిండి.

షార్జా_షాద్‌నగర్
బెడ్‌కు షార్జా రాకూడదా? చవక.

పాలమూరు_పైపింగ్
చవకే. గనీ ఇంటర్వ్యూలు దుబాయిల ఉంటే ఒక్కసారి పోయి రానింకె 20 దిర్హాంల పైనే, సాయంత్రం ట్రాఫిక్‌ల రెండు గంటలు. వారానికి మూడుసార్లు పోతే చవకదనం అక్కడనే పాయె. ఇంకోటి, షార్జాల ఫ్యామిలీ ఏరియాల బ్యాచిలర్లకు బెడ్ ఇచ్చి పైసలు తీస్కునేటోళ్లు ఉంటరు, తనిఖీ వస్తే రాత్రికి రాత్రి ఖాళీ. దుబాయిల గుడ పర్మిషన్ లేని పార్టిషన్ల మీద తనిఖీలు అయితున్నయి. అడ్వాన్స్ నెలకు మించి ఇయ్యకు, రసీదు లేకున్నా వాట్సాప్‌ల మెసేజ్ అన్న పెట్టించుకో.

సూర్యాపేట_స్కఫోల్డ్
ఊకె తిరుగుడెందుకు, తెల్సినోళ్ల సైట్ల రోజుకు వంద దిర్హాంల పని చేస్తే ఖర్చులన్న ఎల్లుతయి గదా?

కోదాడ_క్వాంటిటీ
వద్దు. పర్మిట్ లేకుండ పని చేస్తే పట్టుబడ్డోన్ని పంపిచ్చేస్తరు, మల్ల రానియ్యకపోవచ్చు. పెట్టుకున్నాయనకు 2024 సవరణ తర్వాత ఫైన్ లక్ష నుంచి 10 లక్షల దిర్హాంల దాంక. అంత ఫైన్ భయం ఉన్నోడు తనిఖీ వస్తే ముందు నిన్నే ఎరగనంటడు. కూలీ ఎగ్గొడితే ఏడ పోయి అడుగుతవ్?

సూర్యాపేట_స్కఫోల్డ్
ఇంటీరియర్ పనులల్ల అందరు చేస్తనే ఉన్నరు.

కోదాడ_క్వాంటిటీ
చేసేటోళ్లు కనపడతరు, పోయినోళ్లు కనపడరు. అంతకంటే నేనేం చెప్పలేను.

హాలియా_హీరో
పత్తాలాట గురించి ఎవ్వలు రాయరా? రూంల అదే గదా నేషనల్ గేమ్.

పాలమూరు_పైపింగ్
పైసలు పెట్టి ఆడితే ఇక్కడ జూదం కేసు. రూంల పన్నెండు మంది ఉన్నప్పుడు ఎవ్వలు చెప్పిర్రో గుడ తెల్వదు. చిట్టీలు, చందాలు గుడ అంతే, లైసెన్స్ లేకుండ చందా వసూలు చేస్తే నేరం. మంచి పనికే అయినా గ్రూపుల అకౌంట్ నంబరు పెట్టొద్దు. ఎవ్వలన్న చనిపోతేనో, చిక్కుల పడితేనో ఇండియన్ కాన్సులేట్ వాళ్ల ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రానికి ఫోన్ చెయ్యాలె, 800 46342, పైసలు పడయి.

అచ్చంపేట_ఆల్‌రౌండర్
పత్తాలు ఇడిసి క్రికెట్‌కు రా. ఆదివారం పొద్దున దేర, అల్ కూజ్ దిక్కు ఖాళీ ఇసుక జాగలల్ల టేప్ బాల్ ఆడుతనే ఉంటరు, ఒక మనిషి తక్కువ పడని టీం ఉండదు. ఒడ్డున నిలబడు, వాళ్లే పిలుస్తరు. బాల్ చుట్టుడు వస్తే ఇంకా జల్ది పిలుస్తరు.

చుట్టుడు ఇట్ల: టెన్నిస్ బాల్, తెల్ల ఎలక్ట్రికల్ టేపు. టేపును కొంచెం గుంజుకుంట, వరుస మీద వరుస సగం ఎక్కేటట్టు చుట్టాలె. ఎక్కువ గుంజితే బాల్ నొక్కుకపోయి ఎగరదు, వదులుగ చుడితే రెండో ఓవర్ల ముడతలు లేస్తయి. ఒకదిక్కు మొత్తం అయినంక అడ్డంగ ఇంకో పొర. సీమ్ కావాలంటే మధ్యల నుంచి సన్నటి పట్టీ రెండుసార్లు. ఎండల చుడితే జిగురు జారి అంచులు లేస్తయి, రాత్రే రూంల చుట్టి పెట్టుకో.

షార్జా_షాద్‌నగర్
ఇసుకల స్పిన్ తిరగదు, యార్కరే వెయ్యాలె.

అచ్చంపేట_ఆల్‌రౌండర్
పిచ్ జాగల నీళ్లు చల్లి తొక్కుతరు భాయ్, నువ్వు ఆడేది బీచ్‌ల కావొచ్చు.

భువనగిరి_సిస్టర్
బీచ్ అంటే గుర్తొచ్చింది. ఎర్ర జెండా ఉంటే మోకాళ్ల లోతుకు కూడా దిగొద్దు. మన చెరువు ఈత వేరు, ఇక్కడ నీళ్లు కాళ్ల కింద నుంచి లోపలికి లాగుతాయి. రాత్రి దిగాలంటే లైట్లు, లైఫ్‌గార్డులు పెట్టిన బీచ్‌లు జుమేరా 2, జుమేరా 3, ఉమ్ సుఖీం 1. ఇంకో సంగతి, సెల్ఫీలో వెనకాల కుటుంబాలు, ఆడవాళ్లు పడకుండా తీసుకోండి. అనుమతి లేకుండా ఫొటో తీసినట్టు ఫిర్యాదు వస్తే అది చిన్న కేసు కాదు.

దేవరకొండ_దారి
ఇంటికి వీడియో కాల్ సంగతేంది? క్యాంపుల వైఫై ఉండె, ఇప్పుడు డేటా మొత్తం దానికే పోతుంది.

నకిరేకల్_నడక
వాట్సాప్ కాల్ ఇక్కడ నడవదు, బోటిమ్ అనే కాలింగ్ యాప్ పెట్టుకో, ఇంట్ల వాళ్లకు గుడ పెట్టియ్యి. మాల్‌ల ఫ్రీ వైఫై దొరుకుతది, ఫోన్‌కు కోడ్ వస్తది. మల్ల మీ ఇండియా సిమ్ రీఛార్జ్ అయిపోనియ్యకు. బ్యాంకు ఓటీపీలన్నీ దానికే వస్తయి, మెసేజ్ రాకుంటే ఉన్న పైసలు గుడ కదలయి. ఇక్కడి సిమ్ పాత ఎమిరేట్స్ ఐడీ మీద ఉంటది, అప్‌డేట్ చెయ్యమని మెసేజ్ వస్తే ఆఫీసుకు పోయి పాస్‌పోర్ట్ చూపియ్యి. పట్టించుకోకుంటే బంద్ అయితది, ఇంటర్వ్యూ ఫోన్ ఏడికి రావాలె?

కోదాడ_క్వాంటిటీ
సాలరీ కార్డుల మిగిలిందాన్ని గుడ తీసెయ్. కంపెనీ కార్డు ఆపితే తర్వాత తిరుగుడే. బ్యాంకు అకౌంట్ ఉండి లోను గుడ ఉంటే, సెటిల్‌మెంట్ పడంగనే బ్యాంకోడు పట్టి పెట్టుకోవచ్చు. ముందే పోయి మాట్లాడుకో.

హాలియా_హీరో
డ్రైవింగ్ లైసెన్స్ తీస్కోరాదు ఖాళీగ ఉన్నప్పుడు?

పాలమూరు_పైపింగ్
ఎమిరేట్స్ ఐడీ లేంది ఫైలే ఓపెన్ కాదు హీరో. వీసా ఉన్నప్పుడు ఎవ్వలు తియ్యరు, పోయినంక అందరికి యాదికొస్తది.

దేవరకొండ_దారి
అందరు మస్తు చెప్పిర్రు. ఐలో పెట్టిన, రిఫరెన్స్ నంబరు వచ్చింది. తపాల చెక్క రేపు చేస్త. ఒక్కటి మిగిలింది: అబుదాబి మందిరం, పెద్ద మసీదు రెండూ ఒక్క రోజుల అయితయా? సోమవారం పోదమనుకుంటున్న, రద్దీ ఉండదని.

నకిరేకల్_నడక
సోమవారం మందిరం బంద్, మంగళవారం పో. అది అబుదాబి ఊర్ల లేదు, హైవే మీద అబు మురైఖాల ఉంది. టికెట్టు లేదు గనీ సైట్ల ముందే పేరు రాయించుకోవాలె. 2024 ఫిబ్రవరిల తెరిచిన్రు, ఏడు ఎమిరేట్లకు ఏడు శిఖరాలు, రాజస్థాన్ గులాబీ రాయి. భుజాలు, మోకాళ్లు కప్పేటట్టు బట్టలు వేస్కో, తపాల చెక్క డబ్బా బయటనే తినెయ్, లోపలికి తిండి రానియ్యరు. మసీదుకు గుడ ప్రవేశం ఫ్రీ, బుకింగ్ ఆన్‌లైన్లనే.

బస్సుల పోతే రెండూ ఒక్క రోజుల కావు. అల్ గుబైబా నుంచి ఈ100, లేకుంటే ఇబ్న్ బతూతా నుంచి ఈ101, ఒక్కో దిక్కు 25. సిల్వర్ కార్డుల రాను పోను 50 వేస్కోనే ఎక్కు. అబుదాబిల సిటీ బస్సుకు నోల్ పని చెయ్యదు, హఫిలాత్ కార్డు వేరే కొనాలె. మసీదు ఒక రోజు బస్సుల అయిపోతది. మందిరానికి నలుగురు కలిసి ట్యాక్సీ మాట్లాడుకోండ్రి. ప్రైవేటు కారు లిఫ్టులు చవక అంటరు, లైసెన్స్ లేని కారు పట్టుబడితే మధ్య రోడ్డు మీద దిగుడే.

అచ్చంపేట_ఆల్‌రౌండర్
మంగళవారం నేను ఖాళీ, దేర నుంచే. ఇంకిద్దరు కావాలె.

షార్జా_షాద్‌నగర్
నేనొస్త. పొద్దున ఆరుకు యూనియన్ స్టేషన్ దగ్గర ఉంట.

హాలియా_హీరో
నాలుగో సీటు నాది. చెక్కలు ఎనిమిది చెయ్యి దారి, మనిషికి రెండు.